జియోసర్వర్ రెస్ట్ ఇంటర్ఫేసు

జియోసర్వర్ రెస్ట్ ఇంటర్ఫేసు అనునది జియోసర్వర్ అనే పటాల సర్వరు అమరికలను హెచ్‌టీటీపీ అభ్యర్థనల ద్వారా చదవడానికి, మార్చడానికి ఉపయోగపడే సదుపాయం. నిర్వాహకుడు బ్రౌజరులో పేజీలు తెరచి, వివరాలు నింపి, మీటలు నొక్కి చేసే పనులను దీని ద్వారా ఒక చిన్న ప్రోగ్రాము చేయగలదు. పదుల, వందల సంఖ్యలో పటాలను ప్రచురించవలసిన చోట ఇది శ్రమను తగ్గిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, అమరికను వ్రాతరూపంలో భద్రపరచి, అవసరమైనప్పుడు సర్వరును మళ్ళీ అదే విధంగా నిర్మించుకొనే వీలు కల్పిస్తుంది.

నేపథ్యం

పటాల సర్వరు అనగా భౌగోళిక దత్తాంశాన్ని తనవద్ద గాని, వేరొక డేటాబేసులో గాని ఉంచుకొని, అడిగినవారికి పటం రూపంలోనో, ముడి దత్తాంశం రూపంలోనో అందించే సాఫ్టువేరు. జియోసర్వర్ ఈ కోవకు చెందినది. 2001లో న్యూయార్క్‌లోని ది ఓపెన్ ప్లానింగ్ ప్రాజెక్టు అనే సంస్థ దీనిని ప్రారంభించింది. ఇది జావా భాషలో వ్రాయబడిన స్వేచ్ఛా సాఫ్టువేరు. పటం బొమ్మలను అందించే డబ్ల్యూఎమ్‌ఎస్, ముడి దత్తాంశాన్ని అందించే డబ్ల్యూఎఫ్‌ఎస్ వంటి ఓజీసీ ప్రమాణాలను ఇది పాటిస్తుంది. 2013లో ఓఎస్‌జియో సంస్థ దీనిని తన ప్రాజెక్టులలో ఒకటిగా పూర్తిస్థాయిలో స్వీకరించింది.

జియోసర్వర్ తన అమరికలను డేటా డైరెక్టరీ అనే ఫోల్డరులో ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్ళుగా దాచుకుంటుంది. వీటిని మార్చడానికి మొదటినుండి రెండు దారులు ఉండేవి. ఒకటి, బ్రౌజరులోని నిర్వహణ పేజీలు. రెండు, ఆ ఫైళ్ళనే చేతితో దిద్ది, సర్వరు చేత మళ్ళీ చదివించడం. మొదటిది సులభమే గాని, వంద పొరలకు వందసార్లు అదే పని చేయవలసి వస్తుంది. ఎవరు ఏ మీట నొక్కారో తరువాత తెలియదు. రెండవ దారిలో ఫైళ్ళ లోపలి నిర్మాణం తెలిసి ఉండాలి. ఒక్క అక్షరం తప్పినా ఆ పొర తెరుచుకోకపోవచ్చును. ఈ రెండింటికీ మధ్య మార్గంగా వచ్చినదే రెస్ట్ ఇంటర్ఫేసు.

రెస్ట్ అనే పద్ధతిని రాయ్ ఫీల్డింగ్ 2000లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్‌కు సమర్పించిన తన సిద్ధాంత గ్రంథంలో వివరించాడు. జియోసర్వర్‌లో ఈ సదుపాయం తొలుత రెస్ట్‌లెట్ అనే గ్రంథాలయంపై ఆధారపడి నడిచేది. 2017లో విడుదలైన 2.12 సంచికలో దీనిని స్ప్రింగ్ ఎమ్‌వీసీ మీదకు మార్చారు.

పనిచేయు విధానం

రెస్ట్ పద్ధతిలో అమరికలోని ప్రతి అంశానికీ ఒక చిరునామా ఉంటుంది. జియోసర్వర్‌లో ఈ అంశాలు మెట్లుమెట్లుగా అమరి ఉంటాయి. అన్నిటికంటే పైన వర్క్‌స్పేసు, దాని క్రింద దత్తాంశం ఎక్కడున్నదో తెలిపే స్టోరు, దాని క్రింద ఫీచర్ టైపు (ఉపగ్రహ చిత్రాల వంటి వాటికి కవరేజీ), దానిని పటంగా చూపే లేయరు అనగా పొర ఉంటాయి. పొరకు రంగులు, గీతల మందం నిర్ణయించేది స్టైలు. ఉదాహరణకు, జియోసర్వర్‌తో పాటు వచ్చే నమూనా దత్తాంశంలో అమెరికా రాష్ట్రాల పొర "టాప్" అనే వర్క్‌స్పేసులో ఉన్నది. ఆ పేరు సర్వరును ప్రారంభించిన సంస్థ పేరుకు పొడి అక్షరాలు.

ఈ చిరునామాలకు నాలుగు రకాల అభ్యర్థనలు పంపవచ్చును:

* గెట్ - ఉన్న అమరికను చదవడానికి
* పోస్ట్ - క్రొత్త అంశాన్ని సృష్టించడానికి
* పుట్ - ఉన్న అంశాన్ని మార్చడానికి
* డిలీట్ - అంశాన్ని తొలగించడానికి

పంపే వివరాలు ఎక్స్‌ఎమ్‌ఎల్ లేదా జేసన్ రూపంలో ఉండవచ్చును. సర్వరు ప్రతి అభ్యర్థనకు ఒక సంఖ్యతో బదులిస్తుంది. 200 అనగా పని జరిగినది, 201 అనగా క్రొత్త అంశం ఏర్పడినది, 404 అనగా అటువంటి అంశం లేదు, 500 అనగా సర్వరు లోపల పొరపాటు జరిగినది అని అర్థం. ప్రోగ్రాము ఈ సంఖ్యను చూసి తరువాతి అడుగు నిర్ణయించుకోవాలి.

ఒక ఉదాహరణ

ఒక కార్యాలయం వద్ద నదులు, చెరువులు, కాలువలకు సంబంధించిన నలభై షేప్‌ఫైళ్ళు ఉన్నాయనుకొందాం. వాటిని ప్రచురించే ప్రోగ్రాము ఈ క్రింది వరుసలో నడుస్తుంది:

1. వర్క్‌స్పేసు ఇదివరకే ఉన్నదా అని గెట్ ద్వారా అడుగుతుంది. 404 వస్తే పోస్ట్ ద్వారా సృష్టిస్తుంది.
2. ఒక్కొక్క షేప్‌ఫైలును జిప్ చేసి పుట్ ద్వారా పంపుతుంది. సర్వరు దానిని విప్పి, స్టోరును, పొరను తానే ఏర్పరుస్తుంది.
3. ఎస్‌ఎల్‌డీ రూపంలో వ్రాసిన స్టైలును పోస్ట్ ద్వారా చేరుస్తుంది.
4. ప్రతి పొరకూ ఆ స్టైలును పుట్ ద్వారా జతచేస్తుంది.
5. చివరగా డబ్ల్యూఎమ్‌ఎస్ ద్వారా ఒక పటం అడిగి, బొమ్మ వచ్చినదో లేదో సరిచూస్తుంది.

మొదటి అడుగులోని ప్రశ్న ముఖ్యమైనది. ఉన్న పేరుతోనే మళ్ళీ సృష్టించమంటే సర్వరు తిరస్కరిస్తుంది. ముందుగా అడిగి చూసే ప్రోగ్రామును ఎన్నిసార్లు నడిపినా చివరి ఫలితం ఒకటే.

షేప్‌ఫైలు పేరుకు ఒకటైనా నిజానికి కొన్ని ఫైళ్ళ సముదాయం. వాటిలో పీఆర్‌జే అనే ఫైలు అక్షాంశ రేఖాంశాలను ఏ పద్ధతిలో కొలిచారో చెబుతుంది. జిప్‌లో అది లోపిస్తే సర్వరు ఆ పద్ధతిని కనుగొనలేదు. అప్పుడు దానిని ప్రోగ్రామే స్పష్టంగా తెలుపవలసి ఉంటుంది. ఐదవ అడుగులోని పరీక్ష ఇటువంటి లోపాలను పట్టుకోవడానికే.

పరిమితులు

ప్రతి అభ్యర్థన దేనికదే విడిగా జరుగుతుంది. డేటాబేసులలో వలె కొన్ని పనులను ఒక కట్టగా కట్టి, ఒకటి విఫలమైతే అన్నిటినీ వెనక్కు తీసుకొనే ఏర్పాటు లేదు. పదిహేనవ పొర వద్ద పని ఆగిపోతే మొదటి పద్నాలుగు అలాగే ఉండిపోతాయి.

పొర ఏర్పడినప్పుడు దాని హద్దులను సర్వరు లెక్కగట్టి దాచుకుంటుంది. తరువాత దత్తాంశం పెరిగి హద్దులు దాటినా ఆ లెక్క తనంతట తాను మారదు. మళ్ళీ లెక్కించమని పుట్ అభ్యర్థనలో కోరాలి. అలాగే డేటాబేసులో నేరుగా చేసిన మార్పులు జియోవెబ్‌కాష్ దాచిన పాత పటం ముక్కలకు తెలియవు. వాటిని ఖాళీ చేయించడానికి జియోవెబ్‌కాష్‌కు వేరుగా రెస్ట్ చిరునామాలు ఉన్నాయి. ఒకే డేటా డైరెక్టరీని అనేక సర్వర్లు పంచుకొంటున్నప్పుడు, ఒకదానిలో చేసిన మార్పు మిగిలినవాటికి తెలియాలంటే వాటిచేత అమరికలను మళ్ళీ చదివించాలి.

భద్రత

పటాలను మార్చగల ద్వారమే వాటిని తుడిచివేయగల ద్వారం కూడా. లోపల అంశాలున్న వర్క్‌స్పేసును తొలగించమంటే సర్వరు మామూలుగా ఒప్పుకోదు. కాని "రికర్స్" అనే సూచన జతచేస్తే లోపలి స్టోర్లు, పొరలు అన్నీ ఒక్క అభ్యర్థనతో తొలగిపోతాయి. డేటాబేసులోని పట్టికలు మిగిలినా, వాటిని పటాలుగా చూపే అమరిక మాత్రం పోతుంది. కనుక డేటా డైరెక్టరీ నకలును ముందుగా తీసిపెట్టుకోవడం అవసరం.

రెస్ట్ ఇంటర్ఫేసును వాడే అధికారం మొదట నిర్వాహకునికి మాత్రమే ఉంటుంది. అయితే జియోసర్వర్‌తో వచ్చే నిర్వాహకుని పేరు "అడ్మిన్", పాస్‌వర్డు "జియోసర్వర్" అన్నవి అందరికీ తెలిసినవే. వాటిని మార్చకుండా సర్వరును అంతర్జాలంలో ఉంచడమంటే తాళంచెవిని తలుపుకే వదలివేయడం. బేసిక్ పద్ధతిలో పంపే పాస్‌వర్డు రహస్య లిపిలో ఉండదు కాబట్టి హెచ్‌టీటీపీఎస్ వాడాలి. పాస్‌వర్డును ప్రోగ్రాము లోపల వ్రాయక వేరుగా ఉంచాలి. రెస్ట్ చిరునామాలను బయటివారికి అందకుండా ముందున్న ప్రాక్సీ సర్వరులోనే మూసివేయడం మరింత క్షేమకరం.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకొన్నా పాత సంచికతో ప్రమాదం ఉంటుంది. 2024లో వెల్లడైన సీవీఈ-2024-36401 అనే లోపం రెస్ట్‌కు సంబంధించినది కాదు. డబ్ల్యూఎఫ్‌ఎస్, డబ్ల్యూఎమ్‌ఎస్ వంటి సాధారణ సేవల ద్వారానే, పాస్‌వర్డు లేకుండానే, సర్వరులో తమ ఆదేశాలను నడిపే అవకాశం దాని వలన దుండగులకు కలిగింది. 2.23.6, 2.24.4, 2.25.2 సంచికలలో దానిని సరిదిద్దారు. ఇటువంటి సమయంలో అమరిక అంతా ప్రోగ్రాము రూపంలో ఉన్నవారు క్రొత్త సర్వరును నిలబెట్టి, ఆ ప్రోగ్రామును నడిపి, పటాలను తిరిగి ప్రచురించగలరు. చేతితో అమర్చుకొన్నవారి వద్ద డేటా డైరెక్టరీ నకలు కూడా లేకపోతే ఏ పొరను ఎలా అమర్చారో జ్ఞాపకం చేసుకొంటూ మొదటినుండి మొదలుపెట్టాలి.

ఉపయోగాలు

ఈ అభ్యర్థనలను కర్ల్ వంటి చిన్న ఉపకరణంతో పంపవచ్చును. పైథాన్‌లో జీఎస్‌కాన్ఫిగ్, జావాలో జియోసర్వర్ మేనేజర్ వంటి గ్రంథాలయాలు ఇదే ఇంటర్ఫేసుపై నిర్మించబడినవి. భౌగోళిక దత్తాంశాన్ని పంచుకొనే జియోనోడ్ అనే సాఫ్టువేరు కూడా తన పటాలకు జియోసర్వర్‌నే వాడుకొంటుంది. అందులో సభ్యుడు ఒక ఫైలును ఎక్కించినప్పుడు దానిని పొరగా ప్రచురించే పని తెరవెనుక జరిగిపోతుంది. అతడు జియోసర్వర్ నిర్వహణ పేజీలను తెరవనక్కరలేదు.

ఇవి కూడా చూడండి

* భౌగోళిక సమాచార వ్యవస్థ
* పోస్ట్‌జీఐఎస్
* మ్యాప్‌సర్వర్