బోదలేర్ కళావిమర్శ - ఆధునిక సౌందర్య భావన

ఉపోద్ఘాతం:
ఫ్రెంచి కవి షార్ల్ బోదలేర్ (1821-1867) కవిగా ప్రసిద్ధి పొందకముందే కళావిమర్శకుడు. ఆయన కవితాసంపుటి ‘లే ఫ్లర్ ద్యు మాల్’ 1857లో వెలువడగా, పారిస్ చిత్రప్రదర్శన ‘సలోన్’పై తొలి సమీక్ష 1845లోనే అచ్చయింది. సౌందర్యాన్ని, ఆధునికతను ఆయన ఏ విధంగా అనుసంధానించాడో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నల్లకోటులోని వీరత్వం:
ఆనాటి చిత్రకారులు పలువురు వీరత్వ చిత్రణకు గ్రీకు, రోమన్ గాథలను ఆశ్రయించేవారు. 1846 సలోన్ సమీక్ష ముగింపులో బోదలేర్ తన కాలపు పురుషులు ధరించే నల్లకోటును ఉదాహరించాడు. అందరూ ఒకే తీరున ధరించే ఆ దుస్తుల్లో సమానత్వంతో పాటు ఒక యుగపు విషాదం కూడా ఉందని ఆయన భావన. వస్తువు మారలేదు, దానిని చూసే దృష్టి మారింది.

సౌందర్యంలోని రెండు అంశాలు:
1863లో ‘ఫిగారో’ పత్రికలో ప్రచురితమైన ‘ఆధునిక జీవిత చిత్రకారుడు’ అనే వ్యాసంలో ఈ ఆలోచన సిద్ధాంతరూపం దాల్చింది. సౌందర్యంలో శాశ్వతమైన అంశం ఒకటి, కాలానికి లోబడిన అంశం మరొకటి ఉంటాయి. క్షణికమైన ఆ రెండో అంశమే ఆధునికత. ప్రాచీన చిత్రకారులకూ వారి వారి ఆధునికత ఉండేదని ఆయన అంటాడు. కాబట్టి ఆధునికత ఒక యుగానికి మాత్రమే చెందిన పేరు కాదు.

జ్ఞాపకం - ఛాయాచిత్రం:
క్షణికతను ఇంతగా ఆదరించిన విమర్శకుడు, క్షణాన్ని పట్టి నిలిపే ఛాయాచిత్రాన్ని 1859 సలోన్ సమీక్షలో ఎందుకు నిరసించాడు? ఆయన వ్యాసానికి కేంద్రమైన కాన్‌స్టాంటిన్ గీస్ చిత్రరచనా పద్ధతిలో దీనికి సమాధానం దొరుకుతుంది. పత్రికలకు చిత్రాలు గీసిన గీస్ వీధుల్లో చూసిన దృశ్యాలను తరువాత జ్ఞాపకం నుంచి చిత్రించేవాడు. జ్ఞాపకం అనవసరమైన వాటిని విడిచి సారాన్ని నిలుపుతుంది. క్షణికంలో శాశ్వతాన్ని వెలికితీసేది ఈ ఎంపికే. యంత్రం ఉన్నదాన్ని నమోదు చేస్తుందే తప్ప ఎంపిక చేయదని ఆయన అభిప్రాయం. ఛాయాగ్రాహకుని ఎంపికను ఆయన గుర్తించకపోవడం ఈ వాదానికి పరిమితి.

ముగింపు:
తెలుగు సాహిత్య చరిత్రలో ‘ఆధునిక’ శబ్దాన్ని మనం ఎక్కువగా కాలవిభజనకే వాడుతున్నాం. బోదలేర్ దృష్టితో చూస్తే, ఒక రచన ఏ సంవత్సరంలో వచ్చిందన్న ప్రశ్న సరిపోదు. అది తన కాలం నుంచి ఏమి గ్రహించింది, ఆ కాలం గడిచాక అందులో ఏమి మిగిలింది అన్నవి కూడా అడగవలసిన ప్రశ్నలు.