మెట్టవారి కార్తికము, పట్టపువారి కార్తికము

నెల్లూరు మెట్టప్రాంతమగు కలిగిరి, వింజమూరు, ఉదయగిరి సీమలవారు వానకై ఆకసము వంకకును, నీటికై చెఱువు వంకకును చూచుటయే గాని, సముద్రమునకును వారి దినచర్యకును సంబంధమేమియు లేదు. అట్టివారికిని కార్తిక పూర్ణిమనాడు సముద్రము కావలసి వచ్చును. తెల్లవాఱకమునుపే బస్సులలోను, ఆటోలలోను, ట్రాక్టర్లమీదను కావలి చేరి, తుమ్మలపెంట దారి పట్టి, బకింగ్‌హాం కాలువ దాటి యిసుకలో అడుగిడుదురు. 1876-78 నాటి మహాక్షామమున ఈ కాలువలో కొంతభాగమును కరవుపనిగా త్రవ్వించిరి; స్నానపు తొందరలో నున్నవారికి ఆ సంగతి స్మరణకు రాకపోవుట సహజమే.

సంకల్పము చెప్పుకొని మునకలు వేయుట, తడియిసుకతో లింగమును జేసి పసుపు కుంకుమలతో పూజించుట, అరటిదొప్పలలో దీపములు వదలుట, పిదప శివాలయమునకు పోయి 365 వత్తులు వెలిగించుట: ఇదియే మెట్టవారి సాగరోత్సవము. మధ్యాహ్నమునకెల్ల ముగియును.

అదే యిసుకమీద సంవత్సరము పొడుగునను కాపురముండు జాలరులగు పట్టపువారికి ఈ మాసము వేఱొక రీతిగా తోచును. 1927 నవంబరు మొదట నెల్లూరును చిన్నాభిన్నము చేసిన గాలివానయు, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనయు, థాయ్‌లాండు సింధుశాఖలో పుట్టి మలయా ద్వీపకల్పమును దాటి 1989 నవంబరులో కావలియొద్దనే తీరమును తాకిన పెనుతుపానును పంచాంగముతో సరిచూచినచో, మూడును కార్తిక శుద్ధపక్షముననే వచ్చినట్లు తేలును. మనము పుణ్యమునకై దిగు నీటిని వారు ప్రాణములు ఉగ్గబట్టుకొని కనిపెట్టుచుందురు.

కావున వారి పండుగ గంగమ్మది. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని, మరపడవల వేటను ప్రభుత్వము నిషేధించును. ఆ రెండు మాసములును పడవలు ఒడ్డున బోర్లపడియుండును. వలలు బాగుచేసికొందురు, పడవలకు రంగులు వేసికొందురు. గడువు తీఱగానే పడవకు పసుపు కుంకుమలు పెట్టి, టెంకాయ కొట్టి, గంగమ్మకు మ్రొక్కి నీటిలోనికి దింపుదురు. ఆ మ్రొక్కులో మోక్షాపేక్ష లేదు. పోయినవాడు మరలిరావలెను, వల నిండవలెను, అంతే. నిష్కామకర్మను గూర్చి ఉపన్యసించువారికి ఇది కొంచెము తక్కువగా తోచునేమో గాని, నాకు మాత్రము ఇంతకంటె నిజాయితీగల ప్రార్థన వేఱొకటి కనబడదు.

ఇట్టి మ్రొక్కు మన తీరమునకే పరిమితము కాదు. ఇటలీ దేశమున జెనోవా నగరమునకు తూర్పుగా కమోలి యను చిన్న రేవూరు కలదు. అచట 1952 నుండి ప్రతి మే మాసమునను, జాలరుల రక్షకుడగు ఫోర్తునాతో మునీశ్వరుని పేర, ముందటి రాత్రి సముద్రపుటొడ్డున పెద్ద మంటలు వేసి, మఱునాడు సుమారు నాలుగు మీటర్ల వ్యాసముగల మూకుడులో చేపలు వేయించి వచ్చినవారికెల్ల పెట్టుదురు. ఆగస్టు మొదటి ఆదివారమున సముద్రతారయని వారు కొలుచు మరియమాతకై పడవలు ఊరేగి, రాత్రి వేలకొలది దీపములను అలలమీద విడుచుదురు. మన అరటిదొప్పలు తెలిసినవారికి అది వింతగా తోచదు. ఆ యూరి బొస్కెత్తో పుణ్యక్షేత్రమున, తుపానులనుండి బ్రతికి వచ్చిన నావికులు మ్రొక్కుబడిగా సమర్పించిన చిత్రపటములు కలవు: విఱిగిన తెరచాపలు, కొండలవంటి అలలు, మేఘముల మూలనొక దేవమాత. వేయించిన చేపలకై వచ్చు యాత్రికులలో ఆ పటములవఱకు పోవువారు కొందఱే యని నా యనుమానము.

దేవమాత మన తీరమునకును క్రొత్తది కాదు. తుపానులో చిక్కి బయటపడిన పోర్చుగీసు నావికులు కట్టించిరని చెప్పుకొను తమిళదేశపు వేళాంగణి గుడి పేరనే, నెల్లూరు చెంతనున్న కొత్తకోడూరు తీరమునను మందిరమొకటి వెలసినది. అచ్చటి సెప్టెంబరు ఉత్సవమునకు హిందువులును పోయి క్రొవ్వొత్తులు వెలిగింతురు.

మెట్టవారెవరైన పట్టపుపాళెముల పండుగ చూడగోరినచో పూర్ణిమకై వేచియుండ నక్కఱలేదు. జూన్ నడుమ, నిషేధము తీఱినదినముననే పోవలెను. ఎండ మండుచుండును, నీడ దొరకదు. అయినను పడవలు దిగు వేళకు అందినచో నెత్తళ్లయినను చవుకగా దొరకును.