సహాయమంత్రి బల్లపైని ఉత్తరములు

బ్రిటనులో మంత్రిపదవులు మూడంతస్తులుగా నుండును. పైన మంత్రివర్గ సభ్యుడగు సెక్రటరీ ఆఫ్ స్టేట్, ఆయన దిగువ మినిస్టర్ ఆఫ్ స్టేట్, అట్టడుగున సహాయమంత్రి యనదగు పార్లమెంటరీ అండర్ సెక్రటరీ. పింఛనులు, నిరుద్యోగభృతి, వికలాంగభృతి మొదలగువానిని చూచు డిపార్ట్‌మెంట్ ఫర్ వర్క్ అండ్ పెన్షన్స్ 2001లో ఏర్పడినది. అందు కొన్ని భృతుల బాధ్యతను సహాయమంత్రికి ఒప్పగింతురు. పత్రికలు ఈ చిన్నమంత్రిని అంతగా పట్టించుకొనవు గాని, ఒక రోగికి రావలసిన సొమ్మేల రాలేదని సభలో నెవరైన నడిగినపుడు లేచి బదులు చెప్పవలసినవాడు తఱచుగా నితడే.

సభ్యుల ప్రశ్నలకు వ్రాతమూలకముగా జవాబులిచ్చుట, నిబంధనలను ఉపసంఘమున నెగ్గించుట, సభ ముగియు వేళ జరుగు అరగంట చర్చకు ప్రత్యుత్తరమిచ్చుట ఇతని నిత్యకృత్యములు. వీనియన్నిటికంటె బరువైనవి ఉత్తరములు. యూనివర్సల్ క్రెడిట్ అను భృతికి దరఖాస్తు చేసికొన్నవారికి మొదటి చెల్లింపు సుమారు అయిదు వారములకు గాని అందదు. ముందుగా కొంత తీసికొనవచ్చును గాని, అది పిమ్మట నెలనెలా కోతపడు అప్పు. ఈలోగా ఇంటి అద్దె యెట్లు కట్టవలెనని ఒక తల్లి తన నియోజకవర్గ సభ్యునితో మొరపెట్టుకొన్నచో, ఆ మొర చివరకు చేరునది సహాయమంత్రి బల్లమీదికే.

ఐనను ఆమెకు భృతిని మంజూరు చేయు అధికార మతనికి లేదు. చట్టము ననుసరించి నిర్ణయించువారు శాఖాధికారులు; వారి నిర్ణయము నచ్చనివారు సాధారణముగా నెలలోపున పునఃపరిశీలన కోరి, అటుపై ట్రిబ్యునలుకు పోవలెను. ఇది యుక్తమనియే నా తలంపు. మంత్రి చేతిమీదుగా భృతి దొరకునేని అది హక్కుగా నుండక అనుగ్రహమై, సిఫారసు లేని పేదలకు దక్కకపోవును. కావున ఆ ఉత్తరములో ఒకరి కష్టము వెనుక నున్న నిబంధన దోషమును కనిపెట్టి, దానిని మార్పించుటకై పోరాడుటయే ఇతడు చేయదగిన మేలు.

అట్టి పోరాట మెంత కష్టమో, పిమ్మట బ్రిటను ప్రధానమంత్రిణియైన మార్గరెట్ థాచరు అనుభవమున తెలియును. 1961 అక్టోబరులో ఆమె పింఛనులు, జాతీయ బీమా మంత్రిత్వశాఖలో సహాయమంత్రిణిగా చేరినపుడు, పైమంత్రి జాన్ బాయిడ్ కార్పెంటరు తానే వాకిటికి వచ్చి ఆమెను లోనికి తోడ్కొనిపోయెను. మూడేండ్లలో ఆమె ముగ్గురు మంత్రులక్రింద పనిచేసి, ఆ శాఖాధికారులే ఒకే విషయమున మంత్రిమంత్రికి వేర్వేరు సలహా లిచ్చుట కన్నులార చూచినది. ఆ కాలమున, పిల్లలను సాకుచున్న వితంతువు పనికిపోయి నిర్ణీత పరిమితికి మించి ఆర్జించినచో ఆమె పింఛనులో కోతపడెడిది. భర్తను గోలుపోయి, బిడ్డలకొరకు చెమటోడ్చు స్త్రీని శిక్షించు ఈ నియమము తగదని థాచరు లోలోపల ఎంత వాదించినను ఆమె మాట చెల్లలేదు. 1964 అక్టోబరులో ప్రభుత్వము మారినది. క్రొత్తగా వచ్చిన లేబరు ప్రభుత్వము ఆ కోతను ఎత్తివేసినది. అప్పటికి థాచరు ప్రతిపక్షపు బల్లలపై కూర్చుండి, పింఛనుల విషయమునే చూచుచుండెను.