బార్కస్ బడిలో ఒక అణా స్టాంపు

అమెరికా బడుల్లో చరిత్రను అసలు పత్రాలతో ఎలా నేర్పుతారో రాయమన్నారు ఎడిటర్. గురువారానికల్లా కథనం కావాలన్నారు. అక్కడి టీచర్లు ఎక్కువగా వాడే బొమ్మతోనే మొదలుపెట్టాను. 1770 మార్చి 5న బోస్టన్‌లో బ్రిటిష్ సైనికుల కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. పాల్ రివియర్ చెక్కిన బొమ్మలో సైనికులు బారులు తీరి, అధికారి ఆజ్ఞ మీద కాల్చినట్టుంటుంది. కోర్టులో మాత్రం ఆ అధికారి నిర్దోషిగా తేలాడు. బొమ్మనూ వాంగ్మూలాలనూ పక్కపక్కన పెట్టి, దేన్ని ఎందుకు నమ్ముతారని పిల్లల్ని అడుగుతారు. పద్ధతి నాకు బాగా నచ్చింది. మన పిల్లలకు అంత దూరపు బొమ్మే కావాలా అనిపించింది. హైదరాబాద్ పాతబస్తీలో అరబ్బుల పేట అయిన బార్కస్ పిల్లలకైతే వాళ్ళ పూర్వీకుల ఊరిదే ఒక స్టాంపు ఉంది.

అది 1942లో వచ్చిన అణా స్టాంపు. తలపాగాతో సుల్తాన్ సాలెహ్ బిన్ గాలిబ్ అల్ ఖుఐతీ బొమ్మ, షిహ్ర్, ముకల్లా అని అరేబియా తీరపు రేవు పట్టణాల పేర్లు. విలువ మాత్రం అణాల్లో! అదే వరుసలో ఒకటిన్నర అణా స్టాంపు మీద ముకల్లా రేవు, రెండణాల దాని మీద షిహ్ర్ కోట వాకిలి కనిపిస్తాయి.

సుల్తాన్ బొమ్మ ఉన్న అణా స్టాంపును పెద్దగా జిరాక్స్ తీసి ఎనిమిదో తరగతి పిల్లలకు ఇవ్వాలి. ముందుగా టీచర్ ఏమీ చెప్పకూడదు. ఏం కనిపిస్తోందో రాయమనాలి, ఆ తర్వాతే ఏమనిపిస్తోందో. అరబ్బుల దేశంలో అణాలేమిటని ఎవరో ఒకరు అడిగి తీరతారు. సుల్తాన్ తాతముత్తాతలు నిజాం కొలువులో జమేదార్లని చెబితే జవాబు వెంటనే వస్తుంది: ‘మన హైదరాబాద్ డబ్బే అక్కడికీ వెళ్ళింది!’ వినడానికి ముచ్చటగా ఉంటుంది. తరగతి అక్కడితో ఆగిపోతే పిల్లలకు తప్పు నేర్పినట్టే.

అందుకే రెండో కాగితం. అదే అరేబియా తీరంలోని రేవు ఏడెన్ 1937లో విడుదల చేసిన తెరచాప పడవల స్టాంపులు. వాటి మీదా అణాలే, రూపాయలే. ఆ ఏడాది దాకా ఏడెన్ బ్రిటిష్ ఇండియా పాలనలో ఉండేది, అక్కడ చెలామణీ అయింది ఇండియా రూపాయే. మూడోది చార్మినార్ ముద్ర ఉన్న హాలీ సిక్కా. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది. ఇంచుమించు ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు, వచ్చేవి. స్టాంపు మీది అణా హైదరాబాద్‌ది కాదు, కల్దార్ లెక్కది. పిల్లల ఊహలో సంబంధం నిజం, చెప్పిన కారణం తప్పు. ఈ తేడా పట్టుకున్న పిల్లవాడికి చరిత్ర ఒంటబట్టినట్టే. ఆ సంబంధానికి ఆధారం ఎక్కడ దొరుకుతుందని అప్పుడు అడగాలి. 1951లో అదే అణా స్టాంపు మీద 5 సెంట్లు అని అచ్చు వేశారు. రూపాయి పోయి తూర్పు ఆఫ్రికా షిల్లింగ్ ఎందుకు వచ్చిందో వెతకడం మరుసటి వారం పని.

చరిత్ర క్లుప్తంగా: యెమెన్ తూర్పున ఉన్న హద్రమౌత్ నుంచి అరబ్బులు నిజాం సైన్యంలోకి వచ్చారు. వాళ్ళలో ఖుఐతీ కుటుంబం ఇక్కడ కూడబెట్టిన సొమ్ముతో సొంత గడ్డ మీద రాజ్యం కట్టింది. 1881లో ముకల్లా వాళ్ళ చేతికొచ్చింది, 1888లో బ్రిటిష్ రక్షణ కిందికి వెళ్ళారు. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత హైదరాబాద్‌లో చాలామంది అరబ్బులను నిర్బంధించారు, కొందరిని ఓడలెక్కించి పంపేశారు. 1967లో ఆ సుల్తానుల రాజ్యమూ పోయింది. బార్కస్ మిగిలింది, లుంగీలతో, హరీస్‌తో, జామపళ్ళతో.

నాకున్న భయం ఒక్కటే. స్టాంపు పక్కన ఖాళీలు పూరించమని వర్క్‌షీటు ఇచ్చి, జవాబులు గైడులో అచ్చేస్తే అది మళ్ళీ బిట్ పేపరే అవుతుంది. పిల్లలు తప్పు ఊహించడానికి కనీసం ఒక పీరియడ్ వదిలిపెట్టాలి. సిలబస్ వెనకబడుతుందంటారు. బడనివ్వండి.

మరికొన్ని కాగితాలు

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘల్, అసఫ్‌జాహీ కాలపు కాగితాలున్నాయి. పిల్లలను తీసుకెళ్ళే ముందు టీచర్ ఒక్కరే వెళ్ళి ఒకటి రెండు ఎంచుకుంటే మేలు.

ఇళ్ళలో పాత పాస్‌పోర్టులు, సైన్యం కాగితాలు ఉండవచ్చు. తెమ్మని పిల్లలను బలవంతపెట్టొద్దు. 1948 కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ మాట్లాడని విషయం.

నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం నివేదిక పెద్ద తరగతులకే. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని అందులో అంచనా వేశారు. చదివించేటప్పుడు పక్కనే రజాకార్ల దాడుల గురించిన సాక్ష్యాలూ పెట్టాలి.