ఫొటో ఎడిటింగ్‌కు మానిటర్ కొంటున్నారా? ముందు ఇవి చూడండి

ధర్మపురిలో లగ్గాల సీజన్ వస్తే ఫొటోగ్రాఫర్లకు తీరిక ఉండదు. అట్లాంటి టైమ్‌లోనే నాకో దెబ్బ తగిలింది. పెళ్లికూతురి కుంకుమ రంగు చీర నా స్క్రీన్ మీద మంచిగనే ఉంది. ఆల్బమ్ ప్రింటయి వస్తే చీర నారింజ రంగుకు తిరిగింది, మొఖాలు నల్లగా వచ్చినయ్. ల్యాబ్‌ది తప్పనుకున్న. కాదు, తప్పు నా మానిటర్‌ది. మళ్లీ ప్రింట్ ఖర్చు నా జేబులో నుంచే పోయింది.

ఎందుకట్ల అయింది? నా మానిటర్ రంగు నీలం దిక్కు ఉండె. అది సరిచేద్దామని ఫొటోలో పసుపు పెంచిన. బ్రైట్‌నెస్ ఫుల్ ఉండె, అందుకని ఫొటోను డార్క్ చేసిన. స్క్రీన్‌కు సొంత వెలుగు ఉంటది, కాగితానికి ఉండదు కదా!

అందుకే కొనేటప్పుడు మూడు చూడండి. ఒకటి, ఐపీఎస్ ప్యానెల్. చవక టీఎన్ ప్యానెల్ ముందు తల కొంచెం జరిపినా రంగు మారుతది.

రెండు, ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం దగ్గర ఉండాలి. ఇది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన రంగుల కొలత. స్పెసిఫికేషన్లలో "45% ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే వదిలెయ్యండి, ముదురు ఎరుపులు అందులో సరిగ్గా కనబడవు. 72% అంటే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ. అడోబీ ఆర్‌జీబీ మానిటర్‌కు ఎక్కువ పైసలు పెట్టే ముందు, మీ ల్యాబ్ ఆ ఫైల్ తీసుకుంటదా అని అడగండి.

మూడు, డెల్టా ఈ 2 కన్నా తక్కువ ఉండాలి. అసలు రంగుకు, కనబడే రంగుకు తేడా ఎంతో చెప్పేది ఇదే. 144 హెర్ట్జ్ గేమ్‌లకు పనికొస్తది, రంగుకు కాదు.

కొన్నాక పని అయిపోలేదు. వైట్ పాయింట్ 6500 కెల్విన్, బ్రైట్‌నెస్ 100 నుంచి 120 నిట్స్ పెట్టండి. క్యాలిబ్రేటర్ అనే చిన్న పరికరం స్క్రీన్ మీద పెడితే రంగులు కొలిచి సరిచేస్తది. ఒక్కరికి భారమైతే నలుగురు దోస్తులు కలిసి ఒకటి కొనుక్కోండి, నెలకోసారి వాడితే చాలు.

ఫొటోను ఫోన్‌లో చూసి రంగు ఓకే అనకండి. వివిడ్ మోడ్‌లో అన్నీ ముద్దుగనే కనబడతయ్. ఆల్బమ్ ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క ఫొటో ప్రింట్ తీయించి, పగటి వెలుగులో మానిటర్ పక్కన పట్టి చూడండి. రెండూ కలిస్తేనే మిగతా ఫొటోలు పంపండి. ఆ ఒక్క ప్రింట్ ఖర్చు నేను అప్పుడే పెట్టి ఉంటే, ఆల్బమ్ మొత్తం రెండోసారి వేయించే పని పడకపోవు.