కనిపించని శిలలపై తీర్పు: చమురు అన్వేషణలో భూవిజ్ఞానుల వృత్తి

భూమి లోపల మూడు కిలోమీటర్ల లోతున ఏమున్నదో కంటితో చూచినవారు లేరు. అయినా అక్కడ చమురు ఉండవచ్చునని ఊహించి, ఆ ఊహకు ఆధారాలు చూపి, బావి తవ్వవలసిన చోటును పటం మీద గుర్తించే వృత్తి ఒకటున్నది. ఆ గుర్తు సరియైనదైతే దేశానికి ఇంధనం లభిస్తుంది. తప్పయితే కోట్లాది రూపాయలు వెచ్చించి తవ్విన బావి వట్టి బావిగా మిగులుతుంది. చమురు, సహజవాయువుల అన్వేషణలో పనిచేసే భూవిజ్ఞానుల వృత్తి ఇదే. మన దేశం తనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచి దిగుమతి చేసుకొంటున్నది. కనుక ఈ రంగంలో అడుగు పెట్టదలచిన విద్యార్థులు దాని స్వరూపాన్నీ, అందులోని బాధ్యతనూ ముందుగానే తెలుసుకొనడం మంచిది.

చమురు ఎక్కడ ఉంటుంది?

భూగర్భంలో చమురు చెరువువలె నిలిచి ఉంటుందని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. తడిసిన ఇసుకలో నీరు ఇమిడి ఉన్నట్లే, చమురు శిలల సన్నని రంధ్రాలలో ఇమిడి ఉంటుంది. కోట్ల సంవత్సరాల క్రితం సముద్రాల, సరస్సుల అడుగున బురదతోపాటు పేరుకొనిపోయిన సూక్ష్మజీవుల అవశేషాలు, పైపొరల బరువుకూ లోపలి వేడికీ లోనై చమురుగా, వాయువుగా మారినవి. ఇందుకు మూడు రకాల శిలలు ఒకచోట కూడి రావాలి. చమురును పుట్టించే శిల ఒకటి. దానిని తనలో నిలుపుకొనే ఇసుకరాయి లేక సున్నపురాయి రెండవది. అది పైకి జారిపోకుండా మూతవలె అడ్డుకొనే శిల మూడవది. వీటితోపాటు కమానువలె పైకి వంగిన పొరలో, పొరలను తెగగొట్టిన భ్రంశమో ఉండి, చమురును ఒకచోట నిలిపివేయాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా బావి వట్టిదే అవుతుంది.

మన దేశంలో ఇటువంటి అవక్షేప శిలలున్న పరీవాహాలను 26గా గుర్తించారు. సముద్రగర్భంతో కలిపి వాటి విస్తీర్ణం సుమారు 33.6 లక్షల చదరపు కిలోమీటర్లు.

ఎవరి పని ఏమిటి?

ఈ అన్వేషణ ఒక్కరి వల్ల అయ్యేది కాదు. భూగర్భ శాస్త్రజ్ఞుడు నేలపైన కనిపించే శిలలను పరిశీలించి, వాటి వయస్సునూ వరుసనూ నిర్ణయిస్తాడు. భూభౌతిక శాస్త్రజ్ఞుడు నేలలోనికి కృత్రిమ ప్రకంపనలను పంపుతాడు. మెట్ట మీద చిన్న పేలుళ్లతోగాని, నేలను అదిలించే భారీ వాహనాలతోగాని, సముద్రంలో గాలి తుపాకులతోగాని ఈ ప్రకంపనలు పుట్టిస్తారు. అవి ఒక్కొక్క పొరను తాకి తిరిగి వచ్చేందుకు పట్టిన కాలాన్ని లెక్కించి, కంప్యూటర్ల సాయంతో భూమి లోపలి చిత్రాన్ని గీస్తారు. భూరసాయన శాస్త్రజ్ఞుడు శిలలో చమురు పుట్టడానికి తగిన పదార్థం ఉన్నదా, అది తగినంత వేడికి గురియైనదా అని పరీక్షిస్తాడు. సూక్ష్మశిలాజ శాస్త్రజ్ఞుడు ఇసుక రేణువంత ఉండే ప్రాచీన జీవుల గవ్వలను చూచి పొర వయస్సును చెబుతాడు.

అయితే ప్రకంపనల చిత్రం ఛాయాచిత్రం కాదు. ఒకే చిత్రాన్ని చూచి ఇద్దరు నిపుణులు వేర్వేరు నిర్ణయాలకు రావచ్చు. అందుచేతనే ఈ వృత్తిలో “నాకు తెలుసు” అనడం కంటె, “ఇంతవరకు తెలుసు, ఇంతవరకు సందేహం” అని నిజాయితీగా చెప్పగలగడం పెద్ద అర్హతగా భావిస్తారు.

బావి వద్ద రాత్రింబవళ్లు

తవ్వకం మొదలైన తరువాత భూగర్భ శాస్త్రజ్ఞుడు రిగ్గు వద్దనే ఉండాలి. తవ్వే పనిముట్టును చల్లబరచే ద్రవంతోపాటు రాతి ముక్కలు పైకి వస్తుంటాయి. వాటిని కడిగి, సూక్ష్మదర్శినిలో చూచి, అతినీలలోహిత కాంతిలో మెరుస్తున్నవేమో గమనించాలి. మెరుపు చమురుకు సూచన కావచ్చు. తవ్వకం రాత్రిపూట కూడా ఆగదు కనుక ఈ పరిశీలనా ఆగదు. సముద్రంలోని రిగ్గులపై పద్నాలుగు రోజులు పని, పద్నాలుగు రోజులు విశ్రాంతి అనే పద్ధతి వాడుకలో ఉన్నది. పండుగలకూ, ఇంటి శుభకార్యాలకూ అందకపోవడం ఈ ఉద్యోగంలో సామాన్యం. ఒకప్పుడు పురుషులకే పరిమితమనుకొన్న ఈ పనిలో నేడు మహిళా శాస్త్రజ్ఞులు కూడా పాల్గొంటున్నారు.

ముందున్న పొరలలో ఎంత పీడనం ఉండవచ్చునో అంచనా కట్టడం కూడా వీరి బాధ్యతే. తవ్వకపు ద్రవం ఎంత బరువుగా ఉండాలో ఆ అంచనాపైనే ఆధారపడుతుంది. బావి అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమ వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద ఒక బావి నుంచి ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2020లో అస్సాంలోని బాగ్‌జాన్‌లో జరిగిన ప్రమాదం కూడా ఈ హెచ్చరికనే పునరుద్ఘాటించింది. రిగ్గు చుట్టూ పంటలు, ఇళ్లు, మనుషులు ఉన్నారన్న స్పృహ ఈ వృత్తిలో ఎన్నడూ మరువరాదు.

దేశం నేర్చుకొన్న పాఠాలు

మన దేశంలో చమురు చరిత్ర అస్సాంలోని డిగ్బోయ్‌లో ఆరంభమైనది. అక్కడ 1889లో చమురు కనుగొన్నారు. 1901లో శుద్ధి కర్మాగారం వెలసింది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి అస్సాం వెలుపల దేశంలో చమురు దొరుకుతుందన్న ఆశ విదేశీ సంస్థలలో చాలామందికి లేదు. 1956లో ఏర్పడిన చమురు, సహజవాయువు కమిషన్, మంత్రి కేశవ దేవ్ మాలవీయ ప్రోత్సాహంతోనూ, సోవియట్ నిపుణుల తోడ్పాటుతోనూ ఆ నిరాశను పరీక్షకు పెట్టినది. 1958లో గుజరాత్‌లోని ఖంభాత్ వద్ద, 1960లో అంకలేశ్వర్ వద్ద చమురు లభించింది.

బొంబాయి హై కథ సహనానికి ఉదాహరణ. 1960 దశకంలో ఒక సోవియట్ సర్వేక్షణ నౌక అరేబియా సముద్రగర్భంలో ఆ నిర్మాణాన్ని గుర్తించింది. 1974లో ‘సాగర్ సమ్రాట్’ రిగ్గు అక్కడ చమురును కనుగొన్నది. 1976లో ఉత్పత్తి ఆరంభమైనది. పటం మీది గుర్తుకూ చమురు చుక్కకూ మధ్య అన్ని సంవత్సరాల ఓర్పు అవసరమైనది. రాజస్థాన్ ఎడారిలోని బాడ్మేర్ ప్రాంతంలోనూ అనేక వట్టి బావుల తరువాతనే 2004లో మంగళ క్షేత్రం బయటపడింది.

కృష్ణా గోదావరి పరీవాహం మరొక పాఠం నేర్పింది. 2002లో తీరానికి దూరంగా, లోతైన నీటిలో గొప్ప వాయు నిక్షేపం కనుగొన్నారు. 2009లో ఉత్పత్తి మొదలై, మరుసటి సంవత్సరం శిఖరాన్ని అందుకొని, తరువాత వేగంగా పడిపోయింది. ఆ పతనానికి కారణాలపై వాదోపవాదాలు సాగినవి. అంచనా అంచనాయే గాని కొలత కాదని మాత్రం అందరికీ తెలిసివచ్చింది. అదే పరీవాహంలోని మరొక లోతునీటి క్షేత్రం నుంచి 2024 జనవరిలో తొలి చమురు వెలువడటం గమనార్హం.

చదువు, భవిష్యత్తు

ఈ వృత్తికి భూగర్భ శాస్త్రంలోగాని, భూభౌతిక శాస్త్రంలోగాని స్నాతకోత్తర పట్టం సాధారణ అర్హత. భౌతిక, గణిత శాస్త్రాలలో పట్టూ, కంప్యూటర్ పరిజ్ఞానమూ తప్పనిసరి. 1926లో స్థాపితమైన ధన్‌బాద్ విద్యాసంస్థతోపాటు విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం ఈ శాస్త్రాలను బోధిస్తున్నవి. ఉద్యోగాలకు ఎంపిక జాతీయ స్థాయి పోటీ ద్వారా జరుగుతుంది. రిగ్గుపై అస్సామీ, గుజరాతీ, తమిళ, తెలుగు యువజనులు ఒకే బల్ల చుట్టూ కూర్చొని ఒకే రాతి ముక్కను పరిశీలించడం అక్కడ నిత్యకృత్యం.

చమురు వాడకం తగ్గించుకొనవలెనని ప్రపంచమంతా ఆలోచిస్తున్న ఈ కాలంలో ఈ చదువు వృథా కాదా అని విద్యార్థులు అడుగవచ్చు. కర్మాగారాలు వెలువరించే బొగ్గుపులుసు వాయువును భూగర్భంలో భద్రపరచాలన్నా, లడఖ్‌లోని పుగా లోయవంటి చోట భూమి వేడిని విద్యుత్తుగా మార్చాలన్నా, ఎండిన గ్రామాలకు భూగర్భ జలం చూపాలన్నా కావలసినది ఇదే నైపుణ్యం. చమురు బావులు ఏదో ఒకనాడు మూతపడవచ్చు. కనిపించని దానిని ఆధారాలతో అంచనా కట్టి, ఆ అంచనాకు బాధ్యత వహించే మనిషి అవసరం మాత్రం దేశానికి తీరదు.