డిక్కీలో డోలు

ఇచ్ఛాపురం దాటేదాకా అంతా బాగానే వుంది. మా మేనల్లుడు కొత్తగా కారు డిక్కీలో సబ్‌వూఫరు బిగించుకొని, బరంపురం నుంచి విశాఖపట్నం పెళ్ళికి మమ్మల్ని తీసుకుపోతున్నాడు. పాటలో మృదంగం మోగినప్పుడల్లా వెనుక సీటులోని మా అక్కయ్య వీపు అదురుతున్నది. శ్రీకాకుళం చేరబోతూ వుండగా ఆ అదురు ఆగిపోయి, మాడిన లక్కవాసన వచ్చింది.

"డబ్బామీద 1200 వాట్లని వేసి వుంది మామయ్యా! నా యాంప్లిఫయరు అందులో సగం కూడా లేదు. ఎట్లా కాలిపోతుంది?" అన్నాడు వాడు.

చిన్న యాంప్లిఫయరు పెద్ద స్పీకరును కాల్చగలదంటే చాలామంది నమ్మరు. అంచేత కొంచెం విప్పి చెబుతాను.

మన చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జుల దాకా వింటుంది. అందులో అట్టడుగున, 20 నుంచి 80 దాకా వుండే మంద్రధ్వనిని తలుపులలోని స్పీకర్లు సరిగా పుట్టించలేవు. అంత గాలిని కదిపే సత్తువ వాటికి లేదు. ఆ పనికే 10, 12 అంగుళాల సబ్‌వూఫరు, దానికి వేరే యాంప్లిఫయరు.

డబ్బామీది పెద్ద అంకె క్షణకాలం తట్టుకొనేది. ఒక్కొక్కప్పుడు అదీ కాదు. గంటల తరబడి మోయగలిగినది ఆర్.ఎం.ఎస్. అనే అంకె. అది లోపలి కాగితంలో చిన్న అక్షరాలతో వుంటుంది. మావాడి కాగితాలు తీసి చూస్తే సబ్‌వూఫరు మోయగలిగినది 250 వాట్లు, యాంప్లిఫయరు ఇవ్వగలిగినది 200.

జోడు మరీ అన్యాయమేమీ కాదు. అయితే మోత చాలలేదని వాడు గెయిను మరనూ, బాస్ బూస్టు మరనూ కడదాకా త్రిప్పాడు. శక్తికి మించి అడిగితే యాంప్లిఫయరు లేదనదు. గుండ్రంగా వుండవలసిన అలల తలలు నరికి పంపుతుంది. ఆ నరుకుడు ముదిరి అల చదరమైపోతే, 200 వాట్ల యాంప్లిఫయరే దాదాపు 400 వాట్లు పోస్తుంది. ఆ వేడికి లోపలి తీగచుట్ట మాడింది.

దుకాణదారు మాత్రం "ఇంకా పెద్దది వేయించండి" అన్నాడట. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగే మోత 3 డెసిబెళ్ళే. చెవికి రెండింతలుగా తోచాలంటే దాదాపు పదిరెట్ల శక్తి కావాలి!

ఓములు కూడా చూసుకోవాలి. ఒక్కొక్కటి 4 ఓముల చుట్టలు రెండుంటే, పక్కపక్కన కలిపితే 2 ఓములు, వరుసగా కలిపితే 8. నాలుగుకు తగ్గరాదన్న యాంప్లిఫయరుకు రెండు తగిలిస్తే ఈసారి అది మాడుతుంది.

నాకు నిజంగా భయం కలిగించినది స్పీకరు కాదు, తీగ. బాటరీ నుంచి డిక్కీకి పోయే ఎర్రతీగకు ఫ్యూజును డిక్కీలో పెట్టారు. దారిలో ఎక్కడైనా రేకుకు ఒరుసుకొని తొక్క పోయిందా, బాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. ఫ్యూజు అవతలి కొసన చూస్తూ కూర్చుంటుంది. ఆ తీగ మా అక్కయ్య కాళ్ళ క్రిందుగానే పోయింది. ఫ్యూజు బాటరీకి అరమీటరు లోపునే వుండాలి.

పై నెలలో అన్నీ మార్పించాము. అదే సబ్‌వూఫరుకు, 4 ఓముల దగ్గర 300 వాట్లిచ్చే యాంప్లిఫయరు. అది నూటికి 80 పాళ్ళు పనిచేసినా బాటరీ నుంచి 375 వాట్లు లాగుతుంది, 13.8 వోల్టులతో భాగిస్తే 27 ఆంపియర్లు. అందుకని 8 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగితీగ, 40 ఆంపియర్ల ఫ్యూజు. అల్యూమినియానికి రాగిపూత పూసిన తీగ చౌకే గాని, అదే లావుకు తక్కువ మోస్తుంది. బాస్ బూస్టు సున్న. స్పీకరు విప్పి, 50 హెర్ట్జుల స్వరం పెట్టి, రేడియోను ముప్పాతిక మోతలో వుంచి, గెయిను మెల్లగా పెంచుతూ మీటరులో 31 వోల్టులు చూపగానే ఆపాము. నాలుగు ఓముల దగ్గర అది 240 వాట్లు.

మళ్ళీ విశాఖపట్నం బయలుదేరిననాడు మా అక్కయ్య వెంటనే కారెక్కలేదు. "ఫ్యూజు ఎక్కడ పెట్టావురా?" అన్నది. వాడు బానెటు ఎత్తి చూపించాకనే వెనుక సీటులో కూర్చున్నది.